పటంలో నడిమి మనిషి

పోయిన నెల విరుదునగర్‌లో బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాను. ఈ వయసులో పెళ్ళిళ్ళకు వెళ్ళేది అక్షింతలు వేయడానికి కాదు, ఇంకా ఉన్నానని నలుగురికీ కనబడటానికి. మంటపంలో అడుగు పెట్టినప్పటి నుంచీ ఫోటోలే. తింటుంటే ఫోటో, చెయ్యి కడుక్కుంటుంటే ఫోటో. చిన్నపిల్లల చేతుల్లో కూడా కెమెరాలు. చివరికి ఇద్దరు మనవరాళ్ళు నన్ను సోఫా మీద తమ మధ్యన కూర్చోబెట్టుకుని "అవ్వా, నవ్వు" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు, మోకాళ్ళే లేపాయి. పిల్లలు బతిమాలితే ఒక చివర కూర్చున్నాను గాని నడుమ కూర్చోలేదు. ముసలిదాని చాదస్తమని నవ్వుకున్నారు. నవ్వుకోనీ. ముగ్గురు కలిసి పటం తీయించుకుంటే నడిమి మనిషి ఏడాది తిరక్కుండా పోతాడని మా వైపు గట్టిగా నమ్మేవాళ్ళు. నేను అది నమ్మను. కాని ఆ నడిమి చోట తెలిసి తెలిసి కూర్చున్న మనిషి పక్కన ఒకప్పుడు నేను కూర్చున్నాను.

మా ఊరు కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి ఊరు. వాన పడితే కూరుకున్న కాలు ఊడి రాదు, ఎండ కాస్తే కాలు దూరిపోయే నెర్రెలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మేం మాట్లాడే తెలుగును ఎవరూ పలక మీద రాసి చూడలేదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయి చిత్తూరు వైపు వెళ్ళాకే. పత్తి తీసే రోజుల్లో ఇంటి ముందరి పడసాలలో మనిషి ఎత్తున కుప్ప పడేది. దాని పచ్చి వాసన అన్నంలో కూడా తగిలేది, నూగు ముక్కులో దూరేది. పొద్దున కళ్ళు తెరిచేసరికి ఒక పక్క మా నాయన తల్లి, అవ్వ, పశువుల కోసం నానేసిన పత్తిగింజలు రుబ్బే చప్పుడు, ఇంకో పక్క ఎర్రమ్మత్త సజ్జలు దంచే చప్పుడు. ఆ రెండు చప్పుళ్ళూ వినబడుతున్నాయంటే ఇల్లు క్షేమంగా ఉందని లెక్క.

ఎర్రమ్మత్త మా నాయన చెల్లెలు. కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పుడే అవ్వ ఆఖరి కాన్పు అయి మంచాన పడి ఉంది. పుట్టినవాణ్ణి అత్త చంకన వేసుకుంది, ఇక దించలేదు. ఆయనే మా చిన్నాయన రంగసామి. మీసాలొచ్చాక కూడా అన్నం ఆమే కలిపి పెట్టాలి. సేద్యం ఒంటబట్టక మదురై పారిపోయి, పటాల అంగడిలో ఊడిగం చేసి విద్య నేర్చుకుని, మూడు కాళ్ళ మీద నిలబడే పెద్ద కెమెరా పెట్టె ఒకటి సంపాదించుకుని తిరిగొచ్చాడు. కోవిల్‌పట్టి స్టేషను దగ్గర మిద్దె మీద గది తీసుకున్నాడు. పత్తి ఏరే ఆడవాళ్ళనీ, తూకం వేసే మొగవాళ్ళనీ, సంతలో బేరమాడేవాళ్ళనీ ఉన్నవాళ్ళను ఉన్నట్టు తీయాలని ఆయన ఆశ.

బతికున్నవాళ్ళెవరూ ఆయన దగ్గరకు రాలేదు. పటంలోకి మనిషి ఎంత దిగితే ఆయుస్సు అంత తరుగుతుందని అందరి భయం. పోయినవాళ్ళకు తరగడానికి ఏమీ మిగలదు కాబట్టి ఎవరైనా కన్నుమూస్తే మాత్రం ఆయనకు కబురొచ్చేది. శవానికి నీళ్ళు పోసి, కొత్తగుడ్డ కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి నడుము దగ్గర బిగించి కట్టేవాళ్ళు. పటం తీసే వేళకు కన్నకొడుకులు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు. తల వాలిపోతే, చెయ్యి జారిపోతే చిన్నాయనే వెళ్ళి సర్దాలి. ఇంటికొస్తే అవ్వ గడప బయటే నిలబెట్టి నెత్తిన నీళ్ళు కుమ్మరించి, పెట్టె మీద పసుపునీళ్ళు చల్లి గాని లోపలికి రానిచ్చేది కాదు. ఆయన వీధిలో నడుస్తుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకునేవి. ఒకసారి మంచాన ఉన్న ముసలాయన ఇంటి ముందుగా పోతుంటే ఆ ఇంటి కోడలు గుమ్మంలోకి వచ్చి, "ఇంగా లేదు, పోయిరా రంగా" అందట. ఇంట్లో అందరం నవ్వాం. చిన్నాయన నవ్వలేదు.

ఆ ఏడు పత్తిచేలో ఆడవాళ్ళను దూరం నుంచి, వాళ్ళకు చెప్పకుండా, ఒక పటం తీశాడు. తర్వాత కొద్ది రోజులకే పడమటి వీధిలో ఒక పసిబిడ్డ జ్వరమొచ్చి పోయింది. బిడ్డ తల్లి ఆ రోజు చేలో ఉంది. పడమటి వీధికి పెద్దదిక్కు లచ్చుమక్క అనే ఆమె. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే, కాని ఆమె ఒక మాట అంటే పడమటి వీధి ఆడవాళ్ళకు అది రాతిమీద గీత. ఆమె మా వాకిట్లోకి వచ్చి, ఆ పెట్టె బిడ్డను మింగిందని, దాన్ని పగలగొట్టకపోతే ఇంకా మింగుతుందని చెప్పి వెళ్ళింది. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంట్లో ఆ పెట్టె ఉండాలో తానుండాలో తేల్చుకోమంది.

మర్నాడు పొద్దున చిన్నాయన పెట్టెను గోనెలో చుడుతున్నాడు. అత్త రోకలి పక్కన పెట్టి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"యాడికి మోస్తుండావు?"

"అమ్మేసి ఓడెక్కి సిలోను కొళుంబుకు పోతానక్కా. పీనుగుల్ని పట్టుకోని పట్టుకోని నా చేతులే సల్లబడినాయి."

"శరి, పో. పోయేముందర నన్నొగటి తియ్యి."

"నిన్నా?"

"ఒంటిగా గాదు. ముగ్గురం. నడిమిలో నేను. ఈదిలో తియ్యి, అందురూ సూడనీ."

రుబ్బురోలు ఆగిపోయింది. అవ్వ చేతులకు పిండి అట్లాగే ఉండగా లేచి వచ్చింది. "పిచ్చి పట్టిందా పిల్లా నీకు? ఉన్నదాన్ని ఉండనీక సావు తెచ్చుకుంటావా?"

"నేను ఎదురొస్తే పని సెడుతుందని ఊరంతా నిలబడి పోతారు గదమ్మా" అంది అత్త మెల్లగా. "ఈ పెట్టెకు ఎదురు కూకుంటే ఇంగేం సెడుతుంది?"

నాయన అంతవరకూ తలపాగా చుట్టుకుంటూ నిలబడ్డాడు. బల్ల ఒకటి ఎత్తుకెళ్ళి వీధిలో వేసి, దాని ఎడమ చివర కూర్చున్నాడు. మూడో మనిషి కావాలి. చూడటానికి చేరిన జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. అత్త మా అమ్మ వైపు తిరిగి, "పిల్లనిస్తావా వదినా?" అని అడిగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పట్టు బిగిసి, బిగిసి, వదులైంది. అమ్మ ఆ రోజు నన్ను ఎందుకు వదిలిందో పెద్దయ్యాక అడిగాను. ఎర్రమ్మ అంతవరకూ తనను ఏదీ అడగలేదని, అడిగిన ఒక్కటీ లేదనలేకపోయానని చెప్పింది.

అత్త నడుమ కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఊపిరి బిగబట్టమన్నాడు చిన్నాయన. ఎదురుగా లచ్చుమక్క, ఆమె వెనక పడమటి వీధి అంతా అత్తనే చూస్తున్నారు. శవం ముందు నిలబడ్డ మనుషులు అట్లాగే చూస్తారని నాకు అప్పటికే తెలుసు. పటం తీయడం అయింది. చిన్నాయన కొళుంబు పోలేదు. అవ్వ కూడా పెట్టె మాట మళ్ళీ ఎత్తలేదు, కాని తెల్లవారగానే అత్త పక్క దగ్గరకు వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఇక ఊరంతా కాచుకుంది. మజ్జిగ తోడు కావాలని ఒకరు, నిప్పు కావాలని ఒకరు, ఇంట్లో ఉన్న జల్లెడే మళ్ళీ అరువడగడానికి ఒకరు. అందరూ వచ్చేది అత్త మొహం చూసిపోవడానికే. ఆమెకు అది తెలుసు. మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని, ఎదురెళ్ళి మరీ పలకరించేది. అవసరం లేకపోయినా బావి నుంచి ఇంకో బిందె తెచ్చేది. అంతకుముందు ఎంత అడిగినా నవ్వని మనిషి వీధి చివరిదాకా వినబడేలా నవ్వేది. బతికి ఉండటమే ఆమెకు ఒక పని అయింది. ఎండలు ముదిరి, వానలు పడి, కలుపులు తీసి, ఆమె ఇంకా నడుస్తూనే ఉందని చూశాక మొదట కొత్త దంపతులు చిన్నాయన గదికి మెట్లెక్కారు. తర్వాత తూర్పు వీధిలో ఒక ఇల్లు, దాని పక్క ఇల్లు. లచ్చుమక్క మాత్రం "ఏడు తిరగనీ, సూద్దాం" అనేది. పడమటి వీధి ఆమె వెనకే ఉండిపోయింది.

దగ్గు సంగతి మొదట కనిపెట్టింది నేనే. అత్త సజ్జలు దంచేటప్పుడు రోకలి రోట్లో పడిన క్షణంలో మాత్రమే దగ్గేది. దెబ్బ పడేదాకా గొంతులో ఆపుకునేది. మెడ నరాలు లేచేవి. రోకలి పడేది, దగ్గు దాని కింద కలిసిపోయేది. బయటి మనిషికి ఒక్కటే చప్పుడు. నేను రోటి పక్కనే కూర్చుని పొట్టు చెరిగేదాన్ని కాబట్టి నాకు రెండూ వినబడ్డాయి. నేను చూశానని ఆమె చూసింది. కొంగు తీసి నోరు తుడుచుకుని ఆ కొంగును మడిచి దోపుకుంది. మడతలో ఎర్రగా ఉంది.

"ఎవురికన్నా సెప్పినావా?"

"లేదత్తా."

"సెప్పొద్దు. నాకు దగ్గు సీక్కని తెలిస్తే మీ సిన్నాయన పెట్టెను పగలగొట్టి పొయ్యిలో పెడతారు."

నా భుజం మీద ఆ రోజు ఆమె చెయ్యి ఉంది. ఆమె పోతూ పోతూ ఆ చేత్తోనే నన్నూ లాక్కుపోతుందని నాకు తోచింది. ఆ మాట ఎవరితోనూ అనలేక అన్నం సయించక చిక్కిపోయాను. అమ్మ నా చిక్కిన మొహం చూసి గోడకున్న మా ముగ్గురి పటం వైపు చూసేది.

నాయనకూ చిన్నాయనకూ దగ్గు సంగతి అత్త తానే చెప్పింది. చిన్నాయన గదికి తాళం వేసేస్తానన్నాడు. "నువ్వు మూసినావంటే నేను ఊరికే కూకున్నట్టే" అందామె. ఏం చేయాలో ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. విరుదునగర్‌లో, మా పెద్దవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే ఆ ఊళ్ళో, మిరపకాయల మండీలున్న వీధిలో ఒక చిన్న ఇల్లు చూడమంది. నాయనకు అర్థం కాలేదు. దగ్గు మనిషిని మిరప ఘాటులోకి తీసుకెళ్ళడమేమిటి?

"ఆ ఈదిలో అందురూ దగ్గుతారన్నా" అంది అత్త.

ఊరికి ఒక కారణం చెప్పాలి కదా. నన్ను అక్కడ బడిలో వేస్తున్నామని, వండిపెట్టడానికి ఎర్రమ్మ తోడు వెళ్తోందని చెప్పారు. ఆడపిల్లకు బడేమిటని ఊరు ముక్కున వేలేసుకుంది, ఆ వింతలో అత్త సంగతి మరిచింది. నేను చదువుకున్నదీ, ఆ తర్వాత ఇన్ని పుస్తకాలు రాసిందీ, ఒక ఇంటికి అబద్ధం అవసరమైనందువల్ల. బయల్దేరే రోజు అత్త బండి ఎక్కకుండా స్టేషను దారి పట్టేదాకా ఊరి మధ్యగా నడిచింది. లచ్చుమక్క ఇంటి ముందు ఆగి, పిల్లకు సెలవులిస్తే వస్తామని చెప్పి మరీ కదిలింది. రైలు పెట్టెలో కూలబడ్డాక సాత్తూరు స్టేషను దాటేదాకా కళ్ళు తెరవలేదు.

విరుదునగర్ ఇల్లు ఒక గది, ఒక వంటపంచ. వెనక గోడ మండీది. పొద్దున్నే బస్తాలు విప్పి కాయలు కుప్ప పోస్తే ఎర్రటి దుమ్ము సందుల్లోంచి లోపలికి వచ్చేది. కూలీలు, బండివాళ్ళు, పక్కింటి పిల్లలు, వీధంతా దగ్గేది. అత్త ఆ వీధిలో మొదటిసారి రోకలి సాయం లేకుండా, గొంతు విప్పి, తృప్తిగా దగ్గింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం వస్తుంది. తన కంచం, చెంబు, చాప వేరుగా పెట్టుకుంది. నన్ను దగ్గరకు రానిచ్చేది కాదు. నా మీద కోపమొచ్చిందనుకుని ఏడ్చేదాన్ని. గడప అవతల కూర్చోబెట్టి, బడిలో చెప్పిన పాఠం అక్కడి నుంచే గట్టిగా చదవమనేది.

చిన్నాయన వీలైనప్పుడల్లా రైలెక్కి కొత్త పటాలు తెచ్చేవాడు. ఆమె వాటిని చాప మీద వరసగా పేర్చుకుని ఒక్కొక్క మొహం మీద వేలు ఆనించేది. "ఈయమ్మ కూకునిందా? దీని మొగుడు ఒప్పినాడా?" అని మురిసేది. మంచివి కానివి కూడా చెప్పేది. ఈమె కళ్ళల్లో బెదురుంది, ఇది పీనుగు పటం మాదిరే ఉంది, మళ్ళీ తియ్యమనేది. మనుషులతో ముందు మాట్లాడాలని, నవ్వించాలని, ఊపిరి బిగబట్టమని చెప్పడం మానుకోమని ఆమే నేర్పింది. చదువు రాని మనిషి, పటాలంటే ఏమిటో ఎరగని మనిషి. అయినా ఆయన ఆమెకు చూపించనిదే ఏ పటాన్నీ బాగుందనుకునేవాడు కాదు. చివర్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడిగేది.

"పడమటి ఈది?"

"ఇంగా లేదక్కా."

"వాళ్ళు కూకునేదాకా నేను పోకూడదు రంగా. ఊర్లో అందురి మొగాలూ ఆ పెట్టెలోకి పోయినాక, పడం తీస్తే సస్తారని ఎవురూ అనరు. అన్నారంటే ఎవురి సావు వాళ్ళు పిలుసుకున్నట్టే గదా."

ఆమె తన ఊపిరిని వాళ్ళ భయంతో పందెం కాస్తోంది. గెలవదని ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. లచ్చుమక్క చెప్పిన ఏడు తిరగడానికి ఇంకా కొంచెం ఉంది. అత్త మొహంలో ముక్కూ కళ్ళూ తప్ప ఏమీ మిగల్లేదు. నాయన వచ్చి ఉండిపోయాడు. తాను పోతే పటం మాత్రం తీయించొద్దని అత్త ఆయన చేత ఒట్టు వేయించుకుంది. పీనుగు పటం ఒకటి ఊరికి చేరితే అంతా పాడవుతుందని ఆమె భయం. ఆ తర్వాత రెండు పూటలు నీళ్ళు కూడా దిగలేదు. మండీలో కాయలు కుప్ప పోసే వేళకు, వీధంతా దగ్గుతుండగా, మా గదిలో దగ్గు ఆగిపోయింది. నాయన చిన్నాయనకు కబురు చెప్పమని ఒక మనిషిని మొదటి రైలుకు కోవిల్‌పట్టి పంపాడు. ఏడుపు బయటికి పొక్కకూడదని నా నోటికి ఆయన తన కండువా అందించాడు. నేను దాన్ని కొరుకుతూ కూర్చున్నాను. ఇక నా వంతు అనుకున్నాను.

నా వంతు రాలేదు. అత్త పోయిన సంగతి ఊరికి ఏడు తిరిగి, పత్తి తీతలన్నీ అయ్యాక, విరుదుపట్టిలో విషజ్వరం తగిలిందని చెప్పారు. అప్పటికి ఊళ్ళో పటానికి కూర్చోని మొహం లేదు. ఆమె అన్నట్టే జరిగింది, ఒక్కరూ పటం మాట ఎత్తలేదు. చిన్నాయన ఆ తర్వాత ముసలివాడయ్యేదాకా మనుషుల్ని తీస్తూనే ఉన్నాడు. ఇవాళ ఆయన పటాలు తీసిన గాజుపలకలు మద్రాసులో అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ఆ కాలపు పల్లె మనుషులు కెమెరా ముందు బిర్రబిగుసుకుని కూర్చుంటే ఈయన పటాల్లో మాత్రం ఇంత తేలిగ్గా ఎలా ఉన్నారని చదువుకున్నవాళ్ళు వ్యాసాలు రాస్తున్నారు. అన్నిటికంటే గొప్పదని అందరూ అనే పటం పడమటి వీధి ఆడవాళ్ళది. మెట్ల మీద గుంపుగా కూర్చుని, ముందు వరసలో ఒక ముసలామె తల వెనక్కి వాల్చి, పళ్ళు లేని నోరు తెరిచి నవ్వుతుంటుంది.

ఆ పటం ఎలా వచ్చిందో చిన్నాయన తన చివరి రోజుల్లో నాకు చెప్పాడు. నాయన పంపిన మనిషి వచ్చి చెవిలో మాట చెప్పి మెట్లు దిగుతుంటే, ఎదురుగా లచ్చుమక్క, ఆమె వెనక వీధి వీధంతా పైకి ఎక్కి వస్తున్నారట. ఏడు తిరిగే పొద్దుకు ముందే మనసు మారిందట ఆమెకు.

"మీ యక్క ఎట్లుండాది రంగా?"

"బాగుండాదక్కా."

"అట్లయితే నన్నూ ఒగటి తియ్యి. అది బతికితే నేను బతకనా?"

ఆయన వాళ్ళను మెట్ల మీద కూర్చోబెట్టాడు. పెట్టె వెనక్కి పోయి నల్లగుడ్డ కప్పుకున్నాడు. ఆ గుడ్డ కింద ఎంతసేపు ఉన్నాడో ఆయనకు తెలియదు. బయటి నుంచి చూసేవాళ్ళకు భుజాలు అదరడం మాత్రం కనబడింది.

"ఏమి రంగా, లోపల కొత్త పెండ్లాన్ని దాసిపెట్టుకున్నావా?" అంది లచ్చుమక్క. ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు. చిన్నాయన అప్పుడు ఆ నవ్వును తీశాడు.